కంటైనర్‌లో చోటు పంచే ఉద్యోగం: బీకాం చదివిన అమ్మాయికి తగినదేనా?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. నేను కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తి చేసింది. ప్యారీస్ కార్నర్‌లో చిన్న ఎగుమతిదారుల సరుకును ఒకే కంటైనర్‌లో కలిపి విదేశాలకు పంపే కంపెనీ ఒకటి, ఎల్‌సీఎల్ (కంటైనర్ నిండని చిన్న సరుకు) డాక్యుమెంటేషన్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటామంది. జీతం కొద్దిగానే ఉంది. రెండేళ్లు ఇంట్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుకోమని నేను అంటున్నాను, చేరతానని తను అంటోంది. కాగితాలు టైపు చేసే ఈ పనికి ముందు దారి ఉందా? లేక ఏదైనా లాజిస్టిక్స్ డిప్లొమా చేయించి పంపడం మేలా?

జవాబు: చేరనివ్వండి. అయితే ఒక షరతు పెట్టుకోండి. చేరిన ఆరు నెలల లోపు మీ అమ్మాయి మణలి వైపు ఉన్న ఏదో ఒక కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు, అంటే వాడుకలో సీఎఫ్‌ఎస్ అనే చోటికి వెళ్లి, కంటైనర్‌లో సరుకు నింపే స్టఫింగ్‌ను మొదటి నుంచి చివరి వరకు నిలబడి చూడాలి. చూడకుండా ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందే కూర్చుంటే అది మీరన్నట్టు టైపు పనిగానే మిగిలిపోతుంది. చూసిన తరువాత అదే కాగితం ఆమెకు వేరే రకంగా కనబడుతుంది.

ఆ కాగితం వెనుక ఉన్న పని ఇది. ఇరవై అడుగుల కంటైనర్ లోపల లెక్కకు సుమారు 33 ఘనమీటర్ల చోటు ఉంటుంది. పెట్టెలు రకరకాల సైజుల్లో వస్తాయి కాబట్టి అందులో నిజంగా పట్టేది 25 నుంచి 28 వరకే. ఒక చిన్న వ్యాపారికి సింగపూరుకు పంపవలసిన సరుకు రెండు ఘనమీటర్లే ఉంటే అతను మొత్తం కంటైనర్‌కు కిరాయి కట్టలేడు. కన్సాలిడేటర్, అంటే మీరు చెప్పినలాంటి కంపెనీ, షిప్పింగ్ లైన్ (ఓడల కంపెనీ) దగ్గర కంటైనర్‌ను మొత్తంగా తీసుకుని, అలాంటి పది పదిహేను మందికి ఆ చోటును సీబీఎం లెక్కన, అంటే ఘనమీటరుకు ఇంత అని, అమ్ముతాడు. ఒక ఘనమీటరు లేదా వెయ్యి కిలోలు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి పడుతుంది. సాధారణంగా ఘనమీటరు కన్నా తక్కువ ఉన్నా ఒకటిగానే లెక్కిస్తారు. సరుకు పదమూడు, పదిహేను ఘనమీటర్లు దాటితే చాలాసార్లు సొంతంగా కంటైనర్ తీసుకోవడమే చౌక అవుతుంది. ఆ మాట ఎగుమతిదారుకు ముందే చెప్పగల ఉద్యోగికి అతని దగ్గర విలువ పెరుగుతుంది.

నేను విద్యార్థులతో ఒకసారి అలాంటి షెడ్డుకు వెళ్లినప్పుడు చూసిన సంగతి చెబుతాను. ఒక ఎగుమతిదారు ఇన్వాయిస్‌తో పాటు పంపిన ప్యాకింగ్ లిస్టులో పెట్టె కొలత 60, 45, 40 సెంటీమీటర్లు అని ఉంది. అలాంటివి ఇరవై పెట్టెలు, అంటే 2.16 ఘనమీటర్లు. షెడ్డులోని మనిషి టేపు పట్టి కొలిస్తే, లోపల ఎక్కువగా కుక్కడం వల్ల పెట్టెలు ఉబ్బి, 63, 47, 42 వచ్చాయి. ఇరవై పెట్టెలకు దాదాపు 2.49. రెండు మూడు సెంటీమీటర్ల ఉబ్బుకు ఘనమీటరులో మూడో వంతు పెరిగింది. షెడ్డు కొలత ప్రకారం బిల్లు వేస్తే ఎగుమతిదారు ఒప్పుకోడు, అతని కాగితం ప్రకారం వేస్తే కన్సాలిడేటర్‌కు నష్టం. ఆ సాయంత్రం ఇద్దరితోనూ ఫోనులో మాట్లాడి, కొలత ఫోటోలు పంపి ఒప్పించింది డాక్యుమెంటేషన్ సీటులో కూర్చున్న ఒక అమ్మాయే. ఆ తరువాత ఏ సరుకు పక్కన ఏది పెట్టాలనే చర్చ వచ్చింది. మిరపపొడి బస్తాల పక్కన బట్టల పెట్టెలు పెడితే దారి పొడవునా ఘాటు పట్టేస్తుంది. నూనె ఊరే పచ్చడి డబ్బాల మీదా కిందా ఏది ఉండాలో కూడా చూడాలి. ఏ సరుకు వస్తోందో కాగితంలో స్పష్టంగా రాయని తప్పు ఇక్కడే బయటపడుతుంది.

కాగితాల విషయానికి వస్తే, ఒకే కంటైనర్‌కు రెండు రకాల బీఎల్‌లు, అంటే సరుకు అందుకున్నట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ పత్రాలు, ఉంటాయి. షిప్పింగ్ లైన్ కన్సాలిడేటర్‌కు ఇచ్చేది మాస్టర్ బీఎల్, కన్సాలిడేటర్ ఒక్కో ఎగుమతిదారుకు విడిగా ఇచ్చేది హౌస్ బీఎల్. పదిహేను మంది సరుకు ఉంటే పదిహేను హౌస్ బీఎల్‌లు, వాటి మొత్తం బరువు, పెట్టెల సంఖ్య మాస్టర్‌తో సరిగ్గా సరిపోవాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు చెల్లిస్తామనే బ్యాంకు హామీ, ఉన్న చోట బ్యాంకు సరుకును చూడదు, కాగితాన్నే చూస్తుంది కాబట్టి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా డబ్బు ఆగిపోవచ్చు. 2016 జూలై 1 నుంచి సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం నింపిన కంటైనర్ ధ్రువీకరించిన బరువు ఇవ్వకుండా ఓడలో ఎక్కించకూడదు. వీటన్నింటికన్నా బరువైన సంగతి మరొకటి ఉంది. ఒకరి సరుకు మీద కస్టమ్స్‌కు అనుమానం వచ్చి కంటైనర్ ఆగితే, మిగతా పద్నాలుగు మంది సరుకూ దానితో పాటే ఆగుతుంది. ఒక్కరి పొరపాటు అందరినీ కట్టివేసే ఇలాంటి పనిలో జాగ్రత్త గల మనిషికి గౌరవం త్వరగా వస్తుంది.

ఒక ఇబ్బంది కూడా దాచకుండా చెప్పాలి. సముద్రపు కిరాయి తక్కువ చూపించి, సరుకు దిగే దేశంలో ఛార్జీలు దండిగా వసూలు చేసే పద్ధతి ఈ వ్యాపారంలో ఉంది. అక్కడ సరుకు విడిపించుకునేవారు కోపంగా అడిగినప్పుడు జవాబు చెప్పవలసింది మీ అమ్మాయి లాంటి ఉద్యోగులే. రెండు వైపుల ఛార్జీలనూ కొటేషన్‌లోనే రాసి ఇచ్చే కంపెనీయా కాదా అని ఇంటర్వ్యూలో మర్యాదగానే అడగమనండి. జవాబు తడబడితే నేనైతే ఆ చోటు వద్దంటాను.

ముందు దారి గురించి అడిగారు. కంపెనీకి కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు, అంటే వ్యాపారుల తరఫున కస్టమ్స్ పనులు చేసే అనుమతి, ఉంటే, అక్కడ పనిచేస్తూ కస్టమ్స్ శాఖ జరిపే పరీక్ష రాసి జీ కార్డు, అంటే ఆ పనులు చేసే ఉద్యోగికి ఇచ్చే కార్డు, తెచ్చుకోవచ్చు. 2018 నాటి నిబంధనల ప్రకారం, డిగ్రీతో పాటు జీ కార్డుదారుగా కనీసం రెండేళ్ల అనుభవం ఉన్నవారు, కస్టమ్స్ శిక్షణ సంస్థ నాసిన్ నిర్వహించే కస్టమ్స్ బ్రోకర్ పరీక్షకు అర్హులు. ఇది కష్టమైన పరీక్షే, కానీ పాసైతే సొంతంగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే స్థాయి వస్తుంది. లైసెన్సు లేని కంపెనీ అయితే ఈ దారి మూసుకుపోతుంది కాబట్టి చేరేముందే తెలుసుకోండి. పై చదువు కావాలనుకుంటే ఇక్కడే, చెన్నైలో, 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది. అందులో అంతర్జాతీయ రవాణా, లాజిస్టిక్స్ నిర్వహణలో ఎంబీఏ చేయవచ్చు. ప్రైవేటు డిప్లొమాకు ఇప్పుడే డబ్బు పోయవద్దు. హౌస్ బీఎల్ ఎన్నడూ చూడని విద్యార్థికి ఆ పాఠాలు బట్టీ పట్టడానికే పనికివస్తాయి. ఏడాది పని చేశాక ఏ కోర్సు కావాలో ఆమెకే తెలుస్తుంది.

బ్యాంకు పరీక్షలను నేను తక్కువ చేయడం లేదు. ఆమెకే ఇష్టం ఉంటే ఉద్యోగం చేస్తూ ఉదయం పూట చదువుకోవచ్చు. ఇష్టం లేని చదువుకు రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం మంచిది కాదు. మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట తమిళం తప్పదు. నెల్లూరు, గుంటూరు వైపు నుంచి చెన్నై ద్వారా సరుకు పంపే చిన్న వ్యాపారులతో వాళ్ల భాషలో మాట్లాడుతూ, షెడ్డులో కూలీలతో తమిళంలో మాట్లాడగలిగిన మనిషి ప్యారీస్‌లోని ఏ ఆఫీసుకైనా అవసరమే.

పని వేళల గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఓడకు కటాఫ్, అంటే సరుకు, కాగితాలు అందించే ఆఖరి గడువు, ఉన్న రోజుల్లో సాయంత్రం ఆలస్యమవుతుంది. బీచ్ స్టేషన్ రాజాజీ సాలై మీదే ఉంది కాబట్టి లోకల్ రైలు దొరుకుతుంది. అయినా ఆలస్యమైన రోజు ఇంటికి పంపే ఏర్పాటు ఏమిటో అడిగి తెలుసుకోండి. చేరే రోజున వీలైతే మీరూ ఆమెతో పాటు వెళ్లి, సీఎఫ్‌ఎస్‌కు ఎప్పుడు పంపుతారని ఆ విభాగం మేనేజరును ఆమె చేతనే అడిగించండి.