టీవీ తీసేస్తే షుగర్ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. ఇంట్లో మావారు (46), నేను (41), అత్తగారు (69), తొమ్మిదేళ్ల బాబు. ఈమధ్య ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో మావారికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.2 వచ్చింది. నడుము 39 అంగుళాలు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి పదకొండున్నర దాకా టీవీ ముందే ఉంటారు, భోజనం కూడా అక్కడే. టీవీ పెట్టకపోతే బాబు ముద్ద మింగడు. అత్తగారు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా సీరియళ్లు చూస్తారు. ఆవిడకు బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు టీవీ తీసేశాక ఇంటిల్లిపాదీ బరువు తగ్గారట, షుగర్ కూడా కంట్రోల్‌కి వచ్చిందట. నేనూ కనెక్షన్ తీయించేద్దామంటే ఇంట్లో గొడవ అవుతోంది. టీవీ మానేస్తే నిజంగా ఆరోగ్యం బాగుపడుతుందా? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: బాగుపడుతుందమ్మా, కానీ ఆ మూడు గంటలూ దేనికి పోతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నడకకో, నిద్రకో, ఇంట్లోవాళ్లతో కలిసి తినడానికో పోతే కచ్చితంగా మేలు. అదే సోఫాలో, అదే భంగిమలో ఫోన్ పట్టుకుని కూర్చుంటే కనెక్షన్ డబ్బులు మిగులుతాయి, షుగర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మీ పక్కింటివాళ్లను ఒకసారి అడిగి చూడండి. టీవీ తీసేశాక సాయంత్రాలు ఏం చేస్తున్నారు, రాత్రి ఎన్నింటికి తింటున్నారు, డాక్టరు ఏవైనా మాత్రలు మొదలుపెట్టారా అని. వాళ్లు బాగుపడటానికి అసలు కారణం అక్కడ తెలుస్తుంది.

టీవీకీ జబ్బులకూ సంబంధం ఉందనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. అమెరికాలో వేలమంది నర్సులను ఆరేళ్లపాటు గమనించి 2003లో ఒక అధ్యయనం వెలువరించారు. రోజుకు రెండు గంటల టీవీ పెరిగిన కొద్దీ ఊబకాయం ముప్పు 23 శాతం, మధుమేహం ముప్పు 14 శాతం ఎక్కువగా కనిపించింది. ఉద్యోగంలో అదే రెండు గంటలు అదనంగా కూర్చుంటే పెరిగింది 5 శాతం, 7 శాతమే. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఈ తేడానే. రెండూ కూర్చోవడమే కదా, మరి టీవీ ముందు కూర్చుంటేనే ఎందుకంత నష్టం? ఆఫీసులో మనిషి కాఫీకి లేస్తాడు, మీటింగుకి వెళ్తాడు, ఎవరో పిలిస్తే కదులుతాడు. టీవీ ముందు అలా కాదు. అదీగాక అది రాత్రి భోజనం వేళ. చేతిలో కంచమో, పక్కన చిరుతిళ్ల డబ్బానో ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2010లో వచ్చిన అధ్యయనం ఇంకా కఠినమైన లెక్క చెప్పింది. రోజుకు నాలుగు గంటలు, అంతకు మించి చూసేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు, రెండు గంటల లోపు చూసేవాళ్లతో పోలిస్తే 80 శాతం ఎక్కువ.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి అధ్యయనాలు మనుషులను దూరం నుంచి గమనించి రాసినవి. అప్పటికే ఒంట్లో బాగాలేనివాళ్లు ఎక్కువగా కూర్చుని ఉండొచ్చు కూడా. అందుకే, టీవీ తగ్గించి చూస్తే ఏమవుతుందో ప్రయోగం చేసిన అధ్యయనాలకు నేను ఎక్కువ విలువిస్తాను. అమెరికాలోని వెర్మాంట్‌లో బరువు ఎక్కువున్న 36 మంది పెద్దవాళ్లను తీసుకుని, కొందరి ఇళ్లలో టీవీకి ఒక పరికరం తగిలించారు. వాళ్లు మామూలుగా చూసే సమయంలో సగం కాగానే టీవీ దానంతట అదే ఆగిపోతుంది. వ్యాయామం చేయమని ఎవరూ చెప్పలేదు. అయినా మూడు వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 119 కేలరీలు ఎక్కువ ఖర్చు చేశారు. దాదాపు ఒక చపాతీ అంత. చిన్నదే అనిపిస్తుంది, కానీ రోజూ జరిగితే తక్కువేమీ కాదు. అయితే అది 2009లో వచ్చిన అధ్యయనం. అప్పట్లో టీవీ ఆగితే లేచి ఏదో ఒక పని చేసుకునేవాళ్లు. ఇప్పుడు టీవీ ఆగితే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది.

ఇక మీవారి సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటాం. 6.5 నుంచి మధుమేహం. ఆయన 6.2 దగ్గర ఉన్నారు, వెనక్కి తిప్పడానికి ఇంకా సమయం ఉంది. మన మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు ముప్పై ఐదున్నర అంగుళాలు దాటకూడదు. 39 అంటే పొట్టలోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరిందనే అనుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రెండు పూటలా కారులో కూర్చుని, మధ్యలో రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి ఇంట్లోనూ మూడు గంటలు కూర్చుంటున్నారు. ఆయన్ను తప్పుపట్టడం లేదు. అలసిపోయి వస్తారు, టీవీ చూస్తే టెన్షన్ తగ్గినట్టుంటుంది. కానీ ఒంటికి అది విశ్రాంతి అనిపించినా రక్తంలో చక్కెర విషయంలో అది చాలా చెడ్డ సమయం. అప్పుడే తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంటుంది. ఒంట్లో గ్లూకోజును ఎక్కువగా తీసుకునేవి కండరాలు, అందులోనూ తొడల కండరాలు. అవి కదిలితే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా చక్కెరను లోపలికి లాక్కుంటాయి. కదలకపోతే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది.

దీన్ని కూడా పరీక్షించి చూశారు. 2012లో ఆస్ట్రేలియా వైద్యులు బరువు ఎక్కువున్న కొందరిని ఐదు గంటలు కూర్చోబెట్టారు. ఇంకోరోజు అదే ఐదు గంటల్లో ప్రతి ఇరవై నిమిషాలకు రెండు నిమిషాలు మెల్లగా నడిపించారు. నడిచిన రోజు తిన్న తర్వాతి చక్కెర దాదాపు నాలుగో వంతు తగ్గింది. మెల్లగా నడిస్తేనే ఇంత తేడా. కాబట్టి మీవారిని టీవీ మానేయమని అడగకండి. కంచం డైనింగ్ టేబుల్ మీద పెట్టండి, తిన్న వెంటనే ఇద్దరూ కలిసి అపార్ట్‌మెంట్ చుట్టూ పదిహేను నిమిషాలు నడిచి రండి, ఆ తర్వాత టీవీ చూసుకోనివ్వండి. ఓటీటీలో ఒక ఎపిసోడ్ అవగానే తర్వాతిది దానంతట అదే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. ఒక ఎపిసోడ్, తర్వాత పడక, పదిన్నరకల్లా. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, ఇన్సులిన్ పనితనం కూడా మందగిస్తుంది. ఆయనకు గట్టిగా గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా అన్నది మీరు రాయలేదు. ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

వీలైతే ఆయన రాత్రి కంచాన్ని ఒక్కరోజు గమనించండి. టీవీ ముందు తినేవాళ్లలో నేను మళ్లీమళ్లీ వినే సంగతి ఒకటుంది. అన్నం రెండోసారి పెట్టించుకున్నది గుర్తుండదు. కళ్లు తెర మీద ఉంటాయి, చెయ్యి కలుపుతూనే ఉంటుంది, కడుపు నిండిందన్న కబురు అందేలోపు ఇంకో గరిటె పడిపోతుంది. ఇలా ధ్యాస వేరేచోట ఉంచి తిన్నవాళ్లు ఆ పూటా ఎక్కువ తింటారు, తర్వాత తినే పూటా ఎక్కువ తింటారని అధ్యయనాలు చెబుతున్నాయి. తిన్నట్టు మనసుకు సరిగా గుర్తుండకపోవడమే కారణం. దానికి తోడు బెంగళూరులో వీధికో కాండిమెంట్స్ షాపు, అదే చిరుతిళ్ల కొట్టు. నిప్పట్టు, కోడుబళె, కాంగ్రెస్ కడ్లేకాయి (కారం వేరుశనగ) ప్యాకెట్ తెచ్చి టీపాయ్ మీద పెడితే సీరియల్ అయ్యేలోపు ఖాళీ. వేరుశనగ మంచిదే, మన అనంతపురం పంటే. అయినా వంద గ్రాముల గింజల్లో 560 కేలరీలకు పైనే ఉంటాయి. అందుకని ప్యాకెట్‌తో కాకుండా గుప్పెడు గిన్నెలో వేసుకుని, మిగిలింది వంటింట్లోకి పంపేయండి. రాత్రికి రాగి సంగటైనా సరే, ముద్ద సైజు మీదే షుగర్ ఆధారపడి ఉంటుంది. రాగి అని రెండు ముద్దలు తింటే లాభం లేదు.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ప్రీడయాబెటిస్ దశలో ఉన్న 531 మంది మీద చేసి 2006లో వెల్లడించిన ప్రయోగంలో, తిండిలో మార్పులు, రోజూ నడకతోనే మధుమేహంగా మారే అవకాశం 28 శాతం పైగా తగ్గింది. అది మనలాంటి ఒళ్లున్నవాళ్ల మీద, మనలాంటి తిండి తినేవాళ్ల మీద చేసింది. అందుకే ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

బాబు విషయంలో ఒక పాత ప్రయోగం మీకు పనికొస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు కొన్ని నెలలపాటు టీవీ తగ్గించడం నేర్పించారు. మొదట పది రోజులు పూర్తిగా బంద్, తర్వాత వారానికి ఏడు గంటలు. 1999లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా వదిలేసిన బడి పిల్లలతో పోలిస్తే వీళ్ల బరువు పెరుగుదల అదుపులో ఉంది. వీళ్లు ఆటలు పెద్దగా పెంచిందేమీ లేదు, టీవీ ముందు తినే పూటలు మాత్రం తగ్గాయి. మీ ఇంట్లోనూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. టీవీ లేకుండా కంచం పెడితే మొదటి మూడు నాలుగు రోజులు వాడు అలుగుతాడు, సగం తిని లేస్తాడు. కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు, మరుపూట ఆకలి వేసి తానే వస్తాడు. వెంటపడి తినిపించొద్దు, బదులుగా ఫోన్ ఇవ్వనే ఇవ్వొద్దు. అరగంటలో తిన్నంత తింటాడు, తర్వాత కంచం తీసేయండి. మీరూ మీవారూ పక్కన కూర్చుని అదే తినాలి, అది తప్పనిసరి. నాన్న టీవీ చూస్తూ తింటుంటే కొడుకు గోడ చూస్తూ తినడు. ఇంకో మాట, పొద్దు ఉండగానే వాడిని కిందికి ఆడుకోవడానికి పంపండి. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు దగ్గరచూపు లోపం, అదే మైనస్ పవర్, వచ్చే అవకాశం తగ్గుతుందని ఇప్పుడు బాగా రుజువైంది.

అత్తగారి టీవీ మాత్రం ముట్టుకోకండి. కనీసం మొదట ముట్టుకోకండి.

ఆవిడ వైపు నుంచి చూడండి. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాళ్లూ పలకరించేవాళ్లు. ఇక్కడ లిఫ్టులో ఒకరు కన్నడ మాట్లాడతారు, సెక్యూరిటీ అబ్బాయి హిందీ, మీరిద్దరూ రోజంతా పనుల్లో. మధ్యాహ్నం ఇంట్లో ఆవిడకు వినిపించే తెలుగు ఆ సీరియల్ ఒక్కటే. అది తీసేసి బదులు ఏమీ ఇవ్వకపోతే ఆరోగ్యం బాగుపడదు, ఇంకా చెడుతుంది. పెద్ద వయసులో ఒంటరితనం కూడా గుండెకీ, మతిమరుపుకీ ముప్పు పెంచేదే. అలాగని రోజంతా చూడటం కూడా మంచిది కాదు. ఇంగ్లండ్‌లో యాభై దాటినవాళ్లను ఆరేళ్లు గమనిస్తే, రోజుకు మూడున్నర గంటలకు మించి చూసేవాళ్లలో మాటల జ్ఞాపకశక్తి ఎక్కువగా తగ్గింది. ఆవిడకు బాగా ఇష్టమైన రెండు సీరియళ్లు ఉంచి, మిగతా సమయానికి మనుషులను వెతకండి. మారతహళ్లి, కేఆర్ పురం ప్రాంతాల్లో తెలుగువాళ్లకు కొదవలేదు. పూలమ్మే ఆవిడ, కూరగాయల బండివాళ్లు చాలామంది తెలుగులోనే మాట్లాడతారు. రోజూ సాయంత్రం పూలు అత్తగారినే తెమ్మనండి. అపార్ట్‌మెంట్‌లో కొడుకుల దగ్గరికి వచ్చి ఉంటున్న తెలుగు పెద్దవాళ్లు ఇంకా ఉంటారు, సాయంత్రం బెంచీ దగ్గర కలిసేలా చూడండి. టీవీ చూసేటప్పుడు మెత్తటి సోఫాలో కూరుకుపోకుండా ఎత్తు కుర్చీలో కూర్చోమనండి, మోకాళ్లకు సుఖం. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి హాలు చివరిదాకా వెళ్లి రావాలి. కూర్చునే ఒక్కో కాలు ముందుకు చాచి అయిదు లెక్కపెట్టేదాకా బిగించి దించితే తొడ కండరం బలపడి మోకాలి మీద భారం తగ్గుతుంది.

పాదాల వాపు విషయం టీవీ కంటే ముఖ్యం. గంటల తరబడి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే సాయంత్రానికి వాస్తాయి, నిజమే. కానీ బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రతోనూ పాదాలు వాస్తాయి. ఆవిడ మాత్రల పట్టీ మీద ఆ పేరుందేమో చూసి డాక్టరుకు చూపించండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఆవకాయ, అప్పడం తగ్గించాలి. గుండె, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఒకసారి చేయించాలి. ఒక్క కాలే వాచి, పిక్క పట్టేసి నొప్పి పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే మర్నాటికి వాయిదా వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కదలకుండా కూర్చునేవాళ్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. రోజుకు ఐదు గంటలకు మించి టీవీ చూసేవాళ్లలో ఇలా మరణించే ముప్పు ఎక్కువని జపాన్‌లో గమనించారు.

మీవారికి మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే తేడా సరిగా తెలియదు. ఈలోగా నడుము కొలత నెలకోసారి టేపుతో చూసుకుంటే చాలు. ఇంటిల్లిపాది గురించీ ఇంత వివరంగా రాసిన మీరు మీ గురించి వయసు తప్ప ఏమీ రాయలేదు. మీవారు ల్యాబ్‌కి వెళ్లే రోజే మీరూ వెళ్లి పరగడుపు షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించుకోండి, బీపీ చూపించుకోండి. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు, మీదీ కొలుచుకోండి. రాత్రి భోజనాలయ్యాక నడకకు ఇద్దరూ వెళ్లమన్నాను కదా, ఆ పదిహేను నిమిషాలు గిన్నెలు సింక్‌లోనే ఉండనివ్వండి.