ఇండియాలో పుడితే చాలు, భారత పౌరులైపోతారా?

ఒకప్పుడు దాదాపు అంతే. ఇప్పుడు కాదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, మీరు ఏ తేదీన పుట్టారన్నదే కీలకం.

1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఇక్కడ పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పౌరులే (విదేశీ రాయబారుల పిల్లల్లాంటి మినహాయింపులు తప్ప). 1986లో హిమాచల్‌లో టిబెటన్ శరణార్థులకు పుట్టిన ఒక యువతికి పాస్‌పోర్ట్ నిరాకరిస్తే, ఆమె పుట్టుకతోనే భారతీయురాలని 2010లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఇంకో రెండేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆమె కథే మారిపోయేది!

1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. ఏ పాపం తెలియని పసిబిడ్డకు తల్లిదండ్రుల కాగితాలు అడ్డుపడటం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.

చాలామంది ఆధార్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. మీ బర్త్ సర్టిఫికెట్‌తో పాటు అమ్మానాన్నల పాత కాగితాలూ జాగ్రత్త చేసుకోండి.