‘కండక్టర్’ కోర్సుకి 85 వేలు కట్టమంటారా?

నరసాపురం అవతల రొయ్యల చెరువులు చేసుకునే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లబ్బాయి భీమవరంలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు చదువుతున్నాడు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ‘వర్క్‌ఫ్లో ఆటోమేషన్, మైక్రోసర్వీసెస్ ఆర్కెస్ట్రేషన్’ అనే కోర్సు చేస్తానంటున్నాడట, ఫీజు 85 వేలు, హాస్టల్ వేరే. ‘అందులో కండక్టర్ నేర్పుతారంటండి, ఇంజినీరింగ్ చదివించింది కండక్టర్ని చెయ్యడానికా? రొయ్య రేటు చూస్తే అంతంతమాత్రంగా ఉంది, కట్టమంటారా వద్దంటారా’ అని అడిగారాయన.

ముందు జవాబు చెప్పేస్తానండి. ఇప్పుడే కట్టకండి. కానీ అబ్బాయి పట్టుకున్న విషయం మంచిదే, దాన్ని మాత్రం మాన్పించకండి.

కండక్టర్ అనేది ఒక సాఫ్ట్‌వేర్ పేరు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు సొంత అవసరానికి తయారుచేసుకుని 2016 డిసెంబరులో ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకునేలా, బయటపెట్టారు. మీరు ఆర్టీసీ కండక్టర్ని అనుకున్నా పెద్ద తప్పేం లేదు. బండి అతను నడపడు, కానీ ఎవరెక్కారు, ఎవరు ఎక్కడ దిగాలి, ఎప్పుడు రైట్ రైట్ అనాలి, ఇవన్నీ అతని లెక్కే. చిల్లర లేకపోతే టికెట్టు వెనక బాకీ రాసిస్తాడు చూడండి, ఆ రాసిపెట్టుకోవడమే ఈ సాఫ్ట్‌వేర్‌కి ప్రాణం.

ఒకప్పుడు కంపెనీ పనంతా ఒకే పెద్ద ప్రోగ్రాంలో ఉండేది. ఇప్పుడు ఆర్డర్ తీసుకునేది ఒకటి, డబ్బు తీసుకునేది ఒకటి, సరుకు పంపేది ఒకటి, ఇలా చిన్నచిన్న ప్రోగ్రాములుగా విడగొడుతున్నారు. వీటినే మైక్రోసర్వీసెస్ అంటారు. విడగొట్టడం అంత కష్టం కాదు, మధ్యలో ఒకటి మొరాయిస్తే మిగతావాటిని ఏం చెయ్యాలన్నదే తలనొప్పి. ఆ తలనొప్పి చూసుకోవడాన్నే ఆర్కెస్ట్రేషన్ అంటారు, కండక్టర్ చేసే పని అదే.

మీ పట్టుబడి రోజు, అదే చెరువులో రొయ్యలు పట్టే రోజు తలచుకోండి. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి రేటు తేల్చుకోవాలి, కూలీలకి చెప్పాలి, ఐస్‌కి చెప్పాలి, బండికి చెప్పాలి, తెల్లారేలోపు సరుకు ప్లాంటుకి చేరాలి. ఐస్ ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు, అవతలివాడు ‘సరేనండి’ అన్నాడో లేదో లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే రెండు బండ్ల ఐస్ వచ్చి కూర్చుంటుందేమో, చెయ్యకపోతే అసలు రాదేమో. సరిగ్గా ఇదే పరిస్థితి రెండు సర్వర్ల మధ్య రోజూ వస్తుంది. దానికి విరుగుడు, ప్రతి ఆర్డరుకీ ఒక గుర్తింపు నంబరు ఇవ్వడం, అదే నంబరుతో రెండోసారి అడిగితే ‘ఇది ఇందాకటిదే’ అని అవతలి ప్రోగ్రాం గుర్తుపట్టి ఊరుకోవడం. ఐడెంపొటెన్సీ అంటారు దీన్ని. పేరు నోరు తిరగదు గానీ, విషయం మీకు ముందే తెలుసు.

ఇంకోటి. రేటు కుదరకపోతే కూలీల్ని రావద్దనొచ్చు, బండిని వెనక్కి పంపొచ్చు, మహా అయితే కిరాయి పోతుంది. వల లాగి రొయ్య గట్టున పడ్డాక మాత్రం దాన్ని తిరిగి చెరువులో వదిలే పని లేదు. అందుకే తెలిసిన రైతు ఐస్ కళ్లముందు కనబడ్డాకే వల దింపిస్తాడు. వెనక్కి తీసుకోగల పనులు ముందు, తీసుకోలేనిది ఆ తర్వాత, అది దాటాక మిగిలిన పనులు ఎన్నిసార్లు ప్రయత్నించైనా పూర్తిచెయ్యాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సాగా పద్ధతి అంటారు. 1987లో హెక్టర్ గార్సియా-మొలీనా, కెన్నెత్ సేలం అనే ఇద్దరు డేటాబేస్‌ల కోసం చెప్పిన ఆలోచన, మీ అబ్బాయి పుట్టకముందుది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది.

సాఫ్ట్‌వేర్ల సంగతి అలా కాదు. కండక్టర్‌నే చూడండి, 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన వైపు నుంచి దాని నిర్వహణ ఆపేసింది, ఇప్పుడు వేరేవాళ్లు చూసుకుంటున్నారు. ఉబర్‌లో కేడెన్స్ అని ఇలాంటిదే ఒకటి కట్టినవాళ్లు బయటికొచ్చి 2019లో టెంపోరల్ మొదలుపెట్టారు. అబ్బాయి ఉద్యోగంలో చేరే కంపెనీలో ఏది ఉంటుందో ఎవరు చెప్పగలరు? 85 వేలు పోసి మూడు నెలలు ఒక సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్చుకోవడం ఎందుకని నా బాధ.

పైగా ఆ కోర్సు పేరులోనే తిరకాసుంది. వర్క్‌ఫ్లో ఆటోమేషన్ అని ఎన్8ఎన్, జాపియర్ లాంటివి నేర్పేవాళ్లున్నారు, అంటే ఫారం నింపగానే వాట్సాప్ మెసేజ్ వెళ్లేలా డబ్బాలు గీసి గీతలు కలపడం. పనికొచ్చేదే, కాని వారం పది రోజుల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఎయిర్‌ఫ్లో నేర్పేవాళ్లున్నారు, 2014లో ఎయిర్‌బీఎన్‌బీలో పుట్టింది, అది డేటా ఇంజినీరింగ్ వైపు. కుబర్నెటీస్‌ని కూడా ఆర్కెస్ట్రేషన్ అనే అంటారు, అయితే అది ప్రోగ్రాములు ఏ మిషను మీద నడవాలో చూస్తుంది, మీ ఆర్డరు ఎంతవరకు వచ్చిందో దానికి పట్టదు. ఈ నాలుగూ కలిపి ఒకే సిలబస్‌లో కనబడితే, ఏదీ సరిగ్గా చెప్పరని అర్థం చేసుకోండి.

నా దగ్గరికి వచ్చిన తణుకు కుర్రాడొకడు రెజ్యూమె నిండా ఈ పేర్లే రాసుకున్నాడు. ఇంటర్వ్యూలో ‘కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు, ఏం చేస్తావ్’ అన్నారట. ‘రీట్రై చేస్తానండి’ అన్నాడు. ‘రెండోసారి కూడా డబ్బు కట్ అయితే?’ అన్నారు. అంతే, గుటకలు మింగాడు. వాడూ ఎక్కడో 60 వేలు కట్టి వచ్చినవాడే.

ఇక మీ అబ్బాయికి రెండు మాటలు. బాబూ, ఫ్రెషర్‌ని ఆర్కెస్ట్రేషన్ ఇంజినీర్ అని పిలిచి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, నేను చూసినంతలో జావా డెవలపర్‌గానో పైథాన్ డెవలపర్‌గానో తీసుకుంటారు, ఇది అక్కడికెళ్లాక నిన్ను పదిమందిలో నిలబెడుతుంది. కాబట్టి ముందు ఒక భాష గట్టిగా, ఎస్‌క్యూఎల్ గట్టిగా, లైనక్స్, డాకర్ సరిపడా నేర్చుకో. తర్వాత టెంపోరల్ నీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకో, ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. మీ నాన్నగారి పట్టుబడినే ప్రాజెక్టుగా తీసుకుని ఐస్‌కి ఒకటి, బండికి ఒకటి, లెక్కకి ఒకటి, మూడు చిన్న సర్వీసులు రాయి. నడుస్తుండగా వర్కర్‌ని, అంటే ఈ పనులు చేసే ప్రోగ్రాంని, మధ్యలో చంపెయ్, మళ్లీ లేపు. అయిపోయిన పనులు మళ్లీ చెయ్యకుండా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది, ఎందుకంటే జరిగిన ప్రతి అడుగూ సర్వర్ దగ్గర రాసి ఉంటుంది, ఆ రాతని మొదటి నుంచి చూసుకుంటూ వస్తుంది. అందుకే వర్క్‌ఫ్లో కోడ్‌లో నేరుగా గడియారం చూడకూడదు, రాండమ్ నంబర్లు వాడకూడదు, రెండోసారి వేరే సమాధానం వస్తే లెక్క తప్పుతుంది. వర్కర్‌ని లేపడానికి ముందు, లేపాక తీసిన రెండు స్క్రీన్‌షాట్లు గిట్‌హబ్‌లో పెట్టుకో. ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేది దాని గురించే అయ్యేలా మాట నడపొచ్చు.

నాన్నగారూ, వచ్చే పట్టుబడికి అబ్బాయిని ఇంటికి రప్పించి ఫోనూ పుస్తకమూ వాడి చేతికివ్వండి, మీరు గట్టు మీద కూర్చోండి. ఆరు నెలలు ఇలా చేశాక కూడా ఎవరైనా దగ్గరుండి చెబితే బాగుండుననిపిస్తే అప్పుడు కోర్సు చూద్దాం, అందాకా ఆ 85 వేలు మేతకి వాడుకోండి. శనివారం లోపు కడితే పదివేలు తగ్గిస్తామని వాళ్లు ఫోన్ చేస్తే కంగారు పడకండి, ఆ తగ్గింపు వచ్చే శనివారమూ ఉంటుంది.