షెడ్డులో పడున్న తాతగారి అంబాసిడర్‌కి కొత్త రంగు వేయించాలా, అలాగే ఉంచాలా?

1968 మార్క్ 2, రంగు వెలిసింది, అక్కడక్కడ తుప్పు అంటున్నారు కదా, నేనైతే రంగు ముట్టుకోను. ముందు బండి కింద చూడండి. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది, అందుకే కార్పెట్ ఎత్తి ఫ్లోర్‌నీ, తలుపుల కింది పట్టీలనీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. లోపలికి దిగిందంటే ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే, అక్కడ పాత అందం అనే మాటే లేదు. బ్రేక్ సిలిండర్ల రబ్బర్లు, హోసులు, టైర్లు, వైరింగ్ కూడా అంతే, నిర్మొహమాటంగా మార్చేయండి.

పైన మాత్రం వేరే లెక్క. పలచబడిన రంగు, స్టీరింగ్ మీద చేతి అరుగుదల, పాత సీటు గుడ్డ, ఇవి ఒకసారి పోతే ఎంత డబ్బు పోసినా తిరిగి రావు, కానీ రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. కడిగి, పైపై తుప్పు ఆపి, మైనం పట్టిస్తే చాలు. అయస్కాంతం అంటుకోని చోట ఇదివరకే ఎవరో లప్పం పూశారని అర్థం, ఆ భాగం వరకే టింకరింగ్ చేయించండి.

డీజిల్ ఇంజిన్ పెట్టేద్దాం అని మెకానిక్ అంటే దయచేసి ఒప్పుకోకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు.