బెల్టుకు కొత్త రంధ్రం వయసు వల్ల పడదు

ప్రశ్న: నా వయసు 54. జీవులకు ముసలితనం ఎందుకు వస్తుందనే దాని మీద ఏడాదిగా చదువుతున్నాను. ఫ్రీ రాడికల్స్ వల్ల అని కొందరు, టెలోమియర్ల వల్ల అని కొందరు, అంతా జన్యువుల్లోనే ఉందని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? ఎనిమిది నెలలుగా బీటా కెరోటిన్, విటమిన్ ఇ 400 వేసుకుంటున్నాను. ఆయుష్షు పెరుగుతుందని చదివి, షుగర్ లేకపోయినా రెండు నెలల నుంచి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రోజుకు ఆరేడు సిగరెట్లు తాగుతాను. అయిదు నెలల్లో 71 కిలోల నుంచి 65కు వచ్చాను, బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించాను. నీరసం, కాస్త దగ్గు ఉన్నాయి. వయసు ప్రభావమే అనుకుంటాను. మెట్‌ఫార్మిన్ డోసు పెంచుకోవచ్చా?

జవాబు: వద్దు, పెంచకండి. మీరు సిద్ధాంతాల గురించి అడిగారు గానీ, నా కళ్లు మాత్రం ఆ బెల్టు దగ్గరే ఆగిపోయాయి.

ప్రయత్నించకుండానే ఆరు నుంచి పన్నెండు నెలల్లో బరువు 5 శాతం తగ్గితే కారణం వెతకాలన్నది డాక్టర్లం మేం పాటించే లెక్క. మీకు అయిదు నెలల్లోనే ఎనిమిది శాతం దాటింది. మెట్‌ఫార్మిన్ వల్ల ఆకలి మందగించి కొంత తగ్గే మాట నిజమే. కానీ మీరు ఆ మాత్ర మొదలుపెట్టి రెండు నెలలే. బరువు తగ్గుతున్నది అయిదు నెలల నుంచి. అంటే మొత్తం నెపం మాత్ర మీదికి నెట్టలేం, వయసు మీదికి అసలే నెట్టలేం. 54 ఏళ్లకు ఎవరూ ఊరికే ఆరు కిలోలు చిక్కిపోరు.

మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు చెప్పడం సరికాదు, చెప్పను. సిగరెట్, దగ్గు, బరువు తగ్గడం మూడూ కలిసినప్పుడు మాత్రం ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెట్టడం మా అలవాటు. క్షయ, థైరాయిడ్, ఊపిరితిత్తుల్లో గడ్డ, షుగర్... వీటిలో ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. షుగర్ లేదన్నారు, ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ రక్తపరీక్ష చేయిస్తే షుగర్ ఉన్నా రీడింగ్ కాస్త తక్కువగా కనిపించే అవకాశం ఉంది. సొంత వైద్యంతో నాకున్న పెద్ద పేచీ ఇదే. మాత్ర చేసే హాని ఒకటైతే, అసలు జబ్బు ఆనవాళ్లను అది చెరిపేయడం ఇంకొకటి.

ఇక మీ ప్రశ్న. ఫ్రీ రాడికల్స్ మాట 1956లో డెన్‌హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త చెప్పింది. కణం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు పుట్టే చురుకైన అణువులు కణాన్నే మెల్లమెల్లగా దెబ్బతీస్తాయని ఆయన వాదన. యాంటీఆక్సిడెంట్ మాత్రల మోజుకు మూలం అక్కడే ఉంది. వినడానికి బాగానే ఉంటుంది. మనుషుల మీద పరీక్షిస్తే ఏమైందో చూడండి. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా కనిపించింది. వాళ్లందరూ 50 నుంచి 69 ఏళ్ల వాళ్లు. సిగరెట్ తాగుతూ ఎనిమిది నెలలుగా మీరు వేసుకుంటున్నది అదే మాత్ర! విటమిన్ ఇ సంగతీ అంతే. రోజుకు 400 యూనిట్లు తీసుకున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. ఈ రెండూ ఈ రోజే ఆపేయండి. మీకు హాని జరిగిపోయిందని నేననడం లేదు, భయపడకండి.

టెలోమియర్లంటే క్రోమోజోముల కొసలు. మామూలు కణం సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతుందని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడు. విభజన జరిగిన ప్రతిసారీ ఆ కొసలు కాస్త అరగడమే దీనికి కారణమని తర్వాత తెలిసింది. వాటిని పొడిగిస్తే పోలేదా అని అడుగుతారు కదా? క్యాన్సర్ కణాల్లో చాలావరకు చేసే పని అదే. టెలోమరేజ్ అనే ఎంజైమ్‌ను మళ్లీ తట్టిలేపి, ఆగకుండా విభజన చెందుతుంటాయి. ఆ ఆగిపోవడంలో మనకు కొంత రక్షణ కూడా ఉంది.

జన్యువుల వాదన వేరే కోణం. అడవిలో జంతువుల్లో చాలావరకు ముసలివి కాకముందే ఆకలికో, వేటకో, రోగానికో పోతాయి. అందుకే లేటు వయసులో కీడు చేసే జన్యువులను ప్రకృతి ఏరివేయలేకపోయిందని 1952లో మెడవార్ అనే జీవశాస్త్రవేత్త అన్నాడు. వయసులో ఉన్నప్పుడు మేలు చేసే జన్యువే తర్వాత కీడు చేయవచ్చని 1957లో విలియమ్స్ అనే మరో జీవశాస్త్రవేత్త చెప్పాడు. ఒంటికున్న శక్తిని పిల్లల్ని కనడానికీ మరమ్మతులకూ పంచుకోవాలి కాబట్టి మరమ్మతులకు కోత పడుతుందని 1977లో కర్క్‌వుడ్ అనే శాస్త్రవేత్త అన్నాడు. నాకు ఎక్కువ సబబుగా తోచేది ఈ చివరి మాటే. నిజానికి ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. కొన్ని ఎందుకు అన్నదానికి జవాబులు, కొన్ని ఎలా అన్నదానికి. వీటిలో దేన్నుంచీ మీ మాత్రలకు చీటీ పుట్టదు. మెట్‌ఫార్మిన్ షుగర్‌కు మంచి మందే. షుగర్ లేనివాళ్లకు ఆయుష్షు పెంచుతుందని మాత్రం రుజువు కాలేదు. ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గవచ్చు, కిడ్నీలు సరిగా లేకపోతే ప్రమాదం కూడా.

ఇంత చదివిన మీరు అయిదు నెలలుగా ఒక్క డాక్టర్ దగ్గరికీ వెళ్లినట్టు రాయలేదు. కోప్పడుతున్నానని అనుకోవద్దు. వయసు అనుకుని ఆగిపోయి ఆలస్యంగా వచ్చేవాళ్లను వారానికి ఇద్దరినైనా చూస్తాను.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, కళ్లె పరీక్ష ఏవి కావాలో ఆయనే చెబుతారు. మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. స్కాన్‌కు ముందు రంగు మందు ఎక్కించాల్సి వస్తే ఆ సంగతి వాళ్లకు తెలియాలి. కళ్లెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా వారం దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎప్పుడో తీయించిన ఛాతీ ఎక్స్‌రే ఇంట్లో ఉంటే అదీ పట్టుకెళ్లండి, కొత్తదాన్ని దాంతో పోల్చి చూస్తారు.