బీపీ వల్లనా, బీపీ మందు వల్లనా? ఎలుకల్లో తేలిన సంగతి

రక్తపోటుకు మాత్రలు మొదలుపెట్టాక అంగస్తంభన తగ్గిందనీ, ఇది మాత్రల దోషమా లేక రక్తపోటే ఆ కణజాలాన్ని పాడుచేస్తుందా అనీ, జంతువుల్లో ఎవరైనా దీన్ని పరీక్షించారా అనీ మీరు అడిగారు. ఎం.ఫార్మసీలో నా థీసిస్ ఈ అంశం మీదే కాబట్టి, నేను స్వయంగా చూసినదీ, ఆ పని కోసం చదివినదీ కలిపి రాస్తున్నాను.

స్తంభన కణజాలం ఒక స్పాంజి వంటిది. మామూలు వేళల్లో దానిలోని నునుపు కండరాలు బిగుసుకుని ఉండి రక్తాన్ని లోపలికి రానివ్వవు. నాడుల చివరల నుంచి, రక్తపు అరల లోపలి పొర అయిన ఎండోథీలియం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడినప్పుడు ఆ కండరాలు సడలి, అరలు రక్తంతో నిండుతాయి. రక్తనాళాల సడలింపులో ఈ వాయువు పాత్రను కనుగొన్నవారికే 1998లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఎలుకకు రక్తపోటు తెప్పించడానికి అనేక మార్గాలున్నాయి, ఏ మార్గం ఎంచుకున్నామన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. ఈ సంగతి నాకు వైవాలో గాని తలకెక్కలేదు. నేను ఎల్-నేమ్ అనే పదార్థాన్ని తాగునీటిలో కలిపి ఇచ్చాను. రక్తపోటు పెరిగింది, స్తంభన కూడా తగ్గింది. అయితే ఎల్-నేమ్ చేసే పనే నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకోవడం. పరీక్షకు వచ్చిన ఆచార్యులు "నువ్వు చూసింది రక్తపోటు ప్రభావమా, నైట్రిక్ ఆక్సైడ్ కొరతా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అందుకే ఈ ప్రశ్నకు 1963లో క్యోటోలో ఒకమోటో, అయోకి రూపొందించిన ఎలుకల జాతి మెరుగైన సాక్షి. ఏ మందూ ఇవ్వకుండానే, వంశపారంపర్యంగా, ఎదిగేకొద్దీ వాటి రక్తపోటు పెరిగి, పై అంకె 180 మి.మీ. దాటుతుంది. వీటి స్తంభన కణజాలంలో నునుపు కండరం మందమెక్కి, దాని చుట్టూ కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది. పీచెక్కిన స్పాంజి సాగదు కదా. దీనికి తోడు హానికర ఆక్సిజన్ రూపాలు పెరిగి, పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టినచోటే హరిస్తాయి. ఉప్పునీటితో పాటు డోకా అనే హార్మోను ఇచ్చి రక్తపోటు తెప్పించిన ఎలుకల్లో కూడా స్తంభన తగ్గినట్టు తేలింది.

ప్రయోగశాలలో దీన్ని కొలిచే విధానం ఇది: కణజాలపు ముక్కను 37 డిగ్రీల లవణ ద్రావణంలో వేలాడదీసి, ఫినైలెఫ్రిన్‌తో బిగించి, అసిటైల్‌కోలిన్‌తో సడలుతుందో లేదో చూస్తారు. ఎండోథీలియం బాగుంటేనే అసిటైల్‌కోలిన్ పనిచేస్తుంది. మొదట్లో ఆరోగ్యమైన ఎలుక ముక్కలు కూడా నా దగ్గర సడలేవి కావు. ఫోర్సెప్స్‌తో వాటిని నలిపేస్తున్నానని సీనియర్ ఒకరు పట్టుకునేదాకా ఎలుకలదే లోపమనుకున్నాను.

ఇక మీ అసలు సందేహం. స్తంభన సమయంలో అంగం లోపలి ఒత్తిడి, లోనికి వచ్చే ధమని రక్తపు ఒత్తిడి మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ రెండింటి నిష్పత్తినే పరిశోధకులు లెక్కలోకి తీసుకుంటారు. ధమని ఒత్తిడి అధికంగా ఉన్నప్పుడు పాడైన కణజాలం లోపం కొంత కప్పబడి ఉంటుంది. మందుతో ఆ ఒత్తిడి దిగగానే అది బయటపడుతుంది. మాత్ర మొదలుపెట్టాక సమస్య కనిపించినంత మాత్రాన మాత్రే దాన్ని పుట్టించిందని అనలేకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. అయితే మందులన్నీ ఒకటి కావు. బ్యూనస్ ఐరిస్ పరిశోధకులు పైన చెప్పిన జాతి ఎలుకల్లో కాండెసార్టాన్, ఆమ్లోడిపిన్ అనే రెండు రక్తపోటు మందులను పోల్చారు. రెండూ రక్తపోటును దాదాపు సమానంగా తగ్గించాయి, కానీ కణజాలంలో పీచు పేరుకోకుండా కాపాడింది కాండెసార్టాన్ మాత్రమే. కాండెసార్టాన్ అడ్డుకునేది రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోను పనిని కాబట్టి, రక్తపోటు అంకెతో పాటు ఆ హార్మోను కూడా ఆ కణజాలం మీద నేరుగా పనిచేస్తోందని దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎలుక అంగంలో ఎముక ఉంటుంది, మనకు లేదు. పైగా మనిషి విషయంలో మధుమేహం, పొగాకు, ఆందోళన కూడా కలిసివస్తాయి. కాబట్టి ఇది చదివి మాత్ర ఆపవద్దు, మీ అంతట మీరు మార్చవద్దు. ఏ మందు, ఎంత మోతాదు, సమస్య ఎప్పుడు మొదలైందన్నది రాసుకుని వెళ్లి, వేరే తరగతి మందు మీకు సరిపడుతుందేమో డాక్టరు గారిని సిగ్గుపడకుండా అడగండి.