ఫిరోజా ఉంగరం పెట్టుకుంటే లివర్ బాగవుతుందా?

"టిబెట్ వైద్యంలో ఫిరోజా (టర్కాయిస్ అనే నీలిరాయి) లివర్‌కి మందు అంటారు కదా, ఉంగరం చేయించుకోనా?" అని ఒకరు అడిగారు. సరదాకైతే చేయించుకోండి. లివర్ కోసమైతే వద్దు. వాళ్ళు లివర్‌కి వాడే ఫిరోజా కడుపులోకి వెళ్ళేది, వేలికి ఉండేది కాదు.

మా బావకి ఫ్యాటీ లివర్. హైదరాబాద్‌లో ఒక జ్యోతిష్యుడు చెప్పాడని వెండిలో పెద్ద ఫిరోజా పొదిగించుకున్నాడు. నవరత్నాల్లోనే లేని రాయిని రాశికొకటి చొప్పున ఎలా అంటగడతారో నాకైతే అర్థం కాదు. హిమాచల్‌లోని ధర్మశాల ఊరు వెళ్ళినప్పుడు మా బావని ఒక ఆమ్చీ దగ్గరికి తీసుకెళ్ళాను. టిబెట్ వైద్యుల్ని అలాగే పిలుస్తారు. ఆవిడ మూడేసి వేళ్ళతో రెండు చేతుల నాడీ చూశారు. సీసాలో పట్టుకెళ్ళిన మూత్రాన్ని పుల్లతో గిలకొట్టి నురగ ఎంతసేపు నిలుస్తుందో చూశారు. మా బావ ఆగలేక ఉంగరం చెయ్యి ముందుకు చాపాడు. ఆవిడ రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతకి కొన్నారని అడిగి, పక్కనున్న అమ్మాయితో ఏదో అని ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత హిందీలో ఒకటే ప్రశ్న: "తాగడం ఎప్పుడు మానేస్తారు?" అప్పుడు మా బావ మొహం చూడాలి!

వాళ్ళ మందుల్లో 'యూ న్యింగ్ 25' అని లివర్‌కి ఇచ్చే మాత్ర ఒకటుంది. యూ అంటే ఫిరోజా, న్యింగ్ అంటే పాతది. రాయిని శుద్ధి చేసి, పొడి చేసి, మిగతా దినుసులతో కలుపుతారు. పాత పద్ధతిలో రంగు పట్టుగుడ్డలో చుట్టి ఇచ్చేవారు. రాయిలో రాగి ఉంటుంది కాబట్టి ఇంట్లో నూరుకుని తాగే ప్రయోగాలు చెయ్యకండి. ఆ మాత్ర వేసుకున్నా మీ డాక్టర్‌కి చెప్పి వేసుకోండి.

ఒంటిమీద పెట్టుకునే ఫిరోజా లెక్క వేరు. మనిషి 'లా', అంటే ప్రాణంలాంటిది, అందులో ఉంటుందని నమ్మి టిబెటన్లు మెడలో వేసుకుంటారు. దాన్ని 'లా యూ' అంటారు. మనవాళ్ళు క్యారెట్లు, సర్టిఫికెట్ అడుగుతారు. అక్కడి పెద్దవాళ్ళకి అది ఎవరి మెడలోంచి వచ్చిందన్నదే ముఖ్యం. చెమట, నూనె తగిలి పచ్చబడిన రాయిని మన షాపులవాళ్ళు "పాడైపోయింది" అని తీసిపారేస్తారు. నా మటుకు నాకు ఆకాశనీలం కన్నా అదే అందం.

కొనేటట్టయితే 'టిబెటన్' అన్న బోర్డు చూసి మురిసిపోకండి, అక్కడ అమ్మే వాటిలో చైనాలోని హుబేయ్ గనుల రాళ్ళూ ఉంటాయి. దూదికి అసిటోన్ (గోళ్ళరంగు తుడిచే ద్రవం) అద్ది రాయి వెనకవైపు రుద్దండి. నీలం అంటుకుంటే అది రంగేసిన రాయి.